నోటుపుస్తకమునకు రెండవ ప్రతి

2015 డిసెంబరు మొదటి వారమున అడయారు నది పొంగి సైదాపేట, కోట్టూరుపురము, జాఫర్‌ఖాన్‌పేట మున్నగు చోట్ల ఇండ్లలోనికి నీరు వచ్చినప్పుడు ఎందరో పిల్లల పుస్తకములు తడిసి పాడైనవి. ప్రభుత్వము పాఠ్యపుస్తకములను ఉచితముగా మరల ఇచ్చినది. అర్ధసంవత్సర పరీక్షలను 2016 జనవరికి వాయిదా వేసినది. కాని ఆరు నెలలు తరగతిలో కూర్చుండి పిల్లవాడు వ్రాసికొన్న నోట్సును తిరిగి ఎవరు ఇయ్యగలరు? 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు వేళచ్చేరి, పళ్లికరణై ప్రాంతములు మునిగినవి.

తాటాకు శిథిలము కాకమునుపే మరియొక ప్రతి వ్రాయించుట మన పెద్దల వాడుక. బ్రౌను దొర జీతములిచ్చి వ్రాయసగాండ్రచే తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. ఆ ప్రతులు అనేకము నేటికిని మన నగరములోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నున్నవి.

నేడు ఆ వ్రాయసగాని పనిని మీ చేతిలోని ఫోను చేయగలదు. గూగుల్ కీప్, వన్‌నోట్ వంటి యాప్‌లు ఇందులకు చాలును. సాయంకాలము పిల్లవాడు ఆనాడు వ్రాసిన పుటలను ఫొటో తీసి యాప్‌లో చేర్చవలెను. శీర్షికను మాత్రము తప్పక టైపు చేయవలెను: తరగతి, విషయము, పాఠము పేరు, తేదీ. ఒకనాడు ‘సైన్సు’ అనియు, మరొకనాడు ‘విజ్ఞానశాస్త్రము’ అనియు వ్రాసినచో వెదకునపుడు సగమే దొరకును. 2006 నాటి చట్టము వలన తమిళము కూడ తప్పనిసరియై, మన పిల్లలు మూడు భాషలలో నోట్సు వ్రాయుచున్నారు. కావున విషయమునకు ఒక లేబులు చొప్పున పెట్టుట మేలు.

ఇంటిపనుల పట్టికను కీప్‌లో తల్లిదండ్రులిరువురును పంచుకొనవచ్చును. రాత్రి పనికి పోవు తండ్రి అక్కడనుండియే ఏ లెక్కలు మిగిలినవో చూడగలడు. ఖాతా పెద్దల పేరనే యుండవలెను; దాని రహస్యపదమును ఇంట ఇద్దరికైనను తెలియవలెను. ఫోను నీటిలో పడినను, ఖాతాలోనికి చేరిన నోట్సు పోదు.

ఒకే యాప్‌ను నమ్మి కూర్చుండుట నాకు సమ్మతము కాదు. ఎవర్‌నోట్ సంస్థ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలను 50 నోట్సులకు పరిమితము చేసినది. మూడు మాసములకొకసారి మరియొక చోట ప్రతి ఉంచుడు.

ఇక చేతివ్రాత మానవచ్చునా అని కొందరడుగుదురు. చేతితో వ్రాసికొన్నవారికి భావము చక్కగా పట్టుబడునని 2014లో అమెరికాలో ముల్లర్, ఓపెన్‌హైమర్ అను పరిశోధకులు ప్రకటించిరి. తరువాతి పరిశోధనలలో అంతటి భేదము కనబడలేదు. ఏమైనను, మన పిల్లలు పరీక్ష వ్రాయవలసినది కలముతోనే గదా! ఫోనులోనిది రెండవ ప్రతియే.

అక్టోబరులో ఈశాన్య ఋతుపవనములు వచ్చును. పదవ తరగతి పిల్లలున్నవారు అంతకు ముందే గణితముతో మొదలుపెట్టుడు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై చేసి చూపిన లెక్కల మెట్లు పాఠ్యపుస్తకమున దొరకవు.