ఫ్లాస్క్‌ను డెబియన్‌లోకి తెచ్చేవాళ్ల పని

'పిప్ ఇన్‌స్టాల్ ఫ్లాస్క్' అని కొడితే ఫ్లాస్క్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ వస్తుందని పైథాన్ నేర్చుకునే ప్రతి విద్యార్థికీ తెలుసు. డెబియన్ అనే లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ నడిచే సర్వర్ మీద 'ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-ఫ్లాస్క్' అన్నా వస్తుంది. ఈ రెండో దారిలో వచ్చే ఫ్లాస్క్‌ను డిస్ట్రిబ్యూషన్ నియమాలకు తగ్గట్టు సిద్ధం చేసి, ఏళ్ల తరబడి చూసుకునేవాళ్లను ప్యాకేజీ మెయింటెయినర్లు అంటారు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో ఈ పేరు దాదాపు వినిపించదు. అయినా డెవాప్స్, రిలీజ్ ఇంజినీరింగ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇంతకన్నా గట్టి శిక్షణ నాకు కనిపించలేదు.

సోర్స్ కోడ్ పక్కన 'డెబియన్' అనే ఫోల్డర్ పెట్టడంతో పని మొదలవుతుంది. ఏయే లైబ్రరీలు కావాలో కంట్రోల్ ఫైల్లో, ఎలా బిల్డ్ చేయాలో రూల్స్ ఫైల్లో రాస్తారు. చేంజ్‌లాగ్, కాపీరైట్ ఫైళ్లు వేరే. పైథాన్ ప్యాకేజీలను కట్టే పైబిల్డ్ సాధనం పుణ్యమా అని రూల్స్ ఫైలు చాలాసార్లు నాలుగైదు లైన్లలో అయిపోతుంది.

అసలు చిక్కు డిపెండెన్సీలతో. ఫ్లాస్క్‌కు వెర్క్‌జ్యూగ్, జింజా2, క్లిక్, ఇట్స్‌డేంజరస్, బ్లింకర్ ఉండాలి. సొంత ప్రాజెక్టయితే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని నచ్చిన వెర్షన్ వాడుకుంటాం. డిస్ట్రిబ్యూషన్‌ది ఉమ్మడి కుటుంబపు వంటిల్లు: మామూలుగా ఒక్కో లైబ్రరీకి ఒకే వెర్షన్, అందరూ దానితోనే సర్దుకోవాలి. వెర్క్‌జ్యూగ్ మారితే ఏవేం విరుగుతాయో ముందే పరీక్షించి చూడాలి. బిల్డ్ జరిగేటప్పుడు ఇంటర్నెట్ నుంచి ఏదీ దించుకోకూడదు కాబట్టి, నెట్ అడిగే టెస్టులకు ప్యాచ్ వేయాలి లేదా వాటిని పక్కన పెట్టాలి. వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లకు జావాస్క్రిప్ట్ మరో తలనొప్పి. కుదించిన మినిఫైడ్ ఫైలు ఒక్కటే ఇస్తే డెబియన్ ఒప్పుకోదు, దాని అసలు సోర్సూ ఉండాలి.

స్టేబుల్ విడుదల వచ్చాక భద్రతా లోపం బయటపడితే, సాధారణంగా కొత్త వెర్షన్ పెట్టేయరు. లోపాన్ని సరిచేసే సవరణ ఒక్కదాన్నే పాత కోడ్‌కు అతికిస్తారు. దీన్నే బ్యాక్‌పోర్టింగ్ అంటారు. ఎవరో రాసిన కోడ్ చదివి, ఏది ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో తేల్చుకోవడం ఇక్కడ వచ్చినంత బాగా ఏ కోర్సులోనూ రాదు.

మొదలుపెట్టేవాళ్లు కొత్త ప్యాకేజీ జోలికి పోవద్దు. వర్చువల్ మెషీన్‌లో డెబియన్ అన్‌స్టేబుల్ వేసుకుని, మెయింటెయినర్ వదిలేసిన ప్యాకేజీనో, బిల్డ్ ఆగిపోయిన ప్యాకేజీనో వెతకండి. ఎస్‌బిల్డ్‌తో శుభ్రమైన వాతావరణంలో కట్టి, లింటియన్ చూపించే తప్పులు దిద్దండి. అప్‌లోడ్ చేసే హక్కు మొదట్లో ఉండదు. డెబియన్ డెవలపర్ ఒకరు స్పాన్సర్‌గా మీ పని చూసి పంపాలి. నాలుగుసార్లు తిప్పి పంపినా చిన్నబుచ్చుకోకండి, అక్కడ అది మామూలే. పూర్తిగా కొత్త ప్యాకేజీ అయితే లైసెన్సుల తనిఖీ కూడా దాటాలి, దానికి వారాలు పట్టినా పట్టొచ్చు. ఫెడోరా వైపు వెళ్తే స్పెక్ ఫైలు, మాక్ అనే బిల్డ్ సాధనం నేర్చుకోవాలి. మిగతా ఆలోచనంతా దాదాపు ఒకటే.

డబ్బు సంగతి: డెబియన్ స్వచ్ఛంద ప్రాజెక్టు, జీతం ఇవ్వదు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, అవుట్‌రీచీ ద్వారా స్టైపెండ్ దొరికే అవకాశం ఉంది. రెడ్‌హ్యాట్, కెనానికల్, సూసే లాంటి కంపెనీల్లో ఇది ఉద్యోగమే. మన దగ్గర ఈ పని తెలిసిన మనుషులు లేకపోలేదు. డెబియన్ ప్రపంచ సదస్సు 2023లో కొచ్చిలో జరిగింది. తెలుగులో లైనక్స్ కోసం హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ పనిచేస్తోంది.

రెజ్యూమెలో 'లైనక్స్ తెలుసు' అని రాసే చోట మీరు పరిష్కరించిన బగ్గుల నంబర్లు ఇవ్వండి. ఇంటర్వ్యూ చేసేవారు అక్కడికక్కడే తెరిచి చూసుకోవచ్చు.