ఆవకాయ నాటికి మిగిలే వెల్లుల్లి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

హడ్సన్ లోయలో రెండెకరాలు కొన్నామని, మొదటి పంటగా వెల్లుల్లి వేస్తామని నువ్వూ కోడలూ ఫోన్ చేసిన రోజు అత్తయ్యకి పండగలా ఉంది. మర్నాడు నువ్వు పంపిన రకాల జాబితా చూశాక మాత్రం కాస్త కంగారు పుట్టింది. పదహారు రకాలు! అది విత్తనాల కేటలాగు ముందేసుకుని రాసిన జాబితా నాయనా. వెల్లుల్లి జాబితా వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి రాసుకోవాలి. ఏ వంటకి, ఏ నెలలో, ఎన్ని రెబ్బలు కావాలో ముందు లెక్కేసుకుంటే పదహారు కాస్తా నాలుగుకి దిగుతాయి. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తోంది అత్తయ్య.

ముందు రెండు జాతుల తేడా తెలుసుకో. ఇక్కడి రైతులు హార్డ్‌నెక్, సాఫ్ట్‌నెక్ అంటారు. హార్డ్‌నెక్ గడ్డ నడిమధ్య కర్రలాంటి కాడ ఉంటుంది, దాని చుట్టూ లావు రెబ్బలు ఒకే వరుసలో కూర్చుంటాయి. సాఫ్ట్‌నెక్‌కి ఆ కాడ ఉండదు. రెబ్బలు పొరలు పొరలుగా, ఎక్కువగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ సన్నబడతాయి. సూపర్‌మార్కెట్లో దొరికే కాలిఫోర్నియా వెల్లుల్లి సాఫ్ట్‌నెక్కే. మన దేశంలో వేసే యమునా సఫేద్ రకంలో గడ్డకి పాతిక ముప్పై సన్న రెబ్బలుంటాయి. అమ్మమ్మ ఇంట్లో చాటలో పోసుకుని గంటలకొద్దీ ఒలిచిన వెల్లుల్లి గుర్తుందా? అలాంటిదే. హార్డ్‌నెక్‌కి గట్టి శీతకాలం కావాలి. పది డిగ్రీల సెల్సియస్ లోపు చలి కొన్ని వారాలపాటు తగిలితేనే అది రెబ్బలుగా విడుతుంది. హైదరాబాద్ చలి దానికి చాలదు, మీ లోయ చలి సరిగ్గా సరిపోతుంది.

ఇక పేర్ల సంగతి. వెల్లుల్లిని గింజతో కాక రెబ్బతోనే నాటుతాం కాబట్టి, చేతులు మారినప్పుడల్లా మొక్క అదే ఉంటుంది, పేరు మాత్రం మారిపోతుంది. ఒక ఊళ్లో రైతు పేరు, ఇంకో ఊళ్లో తెచ్చిన దేశం పేరు. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు తమ సేకరణలోనూ రైతుల దగ్గరా ఉన్న 211 నమూనాల డీఎన్ఏని పోల్చి 2004లో ఫలితాలు ప్రచురించారు. పేర్లు వేరైనా సరుకు ఒకటే అయినవి వాటిలో బోలెడు తేలాయి. పై పొట్టు రంగు చూసి కూడా రకాన్ని పోల్చలేం. ఒకే రకం ఒక పొలంలో ఊదా చారలతో వస్తుంది, ఇంకో పొలంలో తెల్లగా వస్తుంది. రెబ్బల లెక్క, అవి కూర్చున్న తీరు మాత్రం నేలనిబట్టి అంతగా మారవు. అందుకే పండుగలో గడ్డ కొనేటప్పుడు ఒకటి విప్పి చూపించమని అడుగు. పండుగంటే మీకు దగ్గర్లోని సాగర్టీస్ ఊళ్లో 1989లో మొదలైన వెల్లుల్లి పండుగ. ఏటా సెప్టెంబరు చివర్లో పండించినవాళ్లే బల్లలు వేసుకుని కూర్చుంటారు. కేటలాగు చెప్పని సంగతులు అక్కడ వాళ్ల నోట వినొచ్చు.

నాలుగు రకాల్లో మొదటిది ఎల్లిపాయ కారం కోసం. పచ్చి వెల్లుల్లి, ఎండుమిరప, ఉప్పు, జీలకర్ర రోట్లో వేసి దంచే కారానికి రొకాంబోల్ తెగని మించింది అత్తయ్య ఇంతవరకూ చూడలేదు. అందులో స్పానిష్ రోహా పాత రకం, పేరుకి ఎరుపు అని అర్థం. గడ్డకి ఎనిమిది నుంచి పదకొండు రెబ్బలు, గోధుమరంగు పొట్టు, వేలితో నొక్కితే ఊడివస్తుంది. పచ్చిగా కొరికితే ముందు ఘాటు, వెనక కమ్మదనం. వేడన్నంలో ఆ కారం, నెయ్యి కలిపి ఒక్క ముద్ద తింటే రకం ఎందుకు ముఖ్యమో నీకే తెలుస్తుంది. దీనికి ఒకటే లోటు, నిలవుండదు. జులైలో తవ్వింది సంక్రాంతి దాటేసరికి మెత్తబడుతుంది, మొలకొస్తుంది. అందుకని సంక్రాంతి దాకా తినేదెంతో అంతే వెయ్యి.

రెండోది పోర్సిలిన్ తెగలో మ్యూజిక్. పాటకీ దీనికీ సంబంధం లేదు. కెనడాలోని ఒంటారియో రైతు ఆల్ మ్యూజిక్ ఇంటిపేరది, 1980ల్లో ఆయన దగ్గర్నుంచి ఊళ్లకి పాకింది. గడ్డకి నాలుగు నుంచి ఆరు రెబ్బలే, కానీ ఒక్కోటి బొటనవేలంత. ఘాటు ఎక్కువ, ఉడికినా చప్పబడదు. నాటుకోడి కూరకి, చేపల పులుసుకి, అల్లం వెల్లుల్లి ముద్దకి ఇదే. ఆదివారం పదిమంది భోజనానికి వస్తే మీ అమ్మమ్మ యాభై రెబ్బలు ఒలిచేది, కోడలు ఎనిమిది ఒలిస్తే చాలు. ఉగాది దాకా గట్టిగా ఉంటుంది. మీ చలికి బాగా తట్టుకుంటుంది కాబట్టి మడిలో సగం దీనికే ఇవ్వమని అత్తయ్య సలహా.

మూడోది చెస్నోక్ రెడ్. జార్జియా దేశంలోని ష్వెలిసి ఊరి రకం. చెస్నోక్ అంటే రష్యన్‌లో వెల్లుల్లి. గడ్డని గడ్డగానే ఓవెన్‌లో కాలిస్తే లోపల వెన్నలా అవుతుంది, రుచి కరిగిపోదు. కాల్చిన వంకాయ పచ్చడిలో కలిపి చూడు. ఇది ఒక వరుస చాలు.

నాలుగోదాని దగ్గర ఆగాలి. నీ పదహారులో అసలు లేనిది అదే, మన ఇళ్లకి అన్నిటికంటే కావలసిందీ అదే.

ఆవకాయ ఎప్పుడు పెడతాం? ఇండియన్ స్టోర్లకి పచ్చి మామిడికాయలు వచ్చినప్పుడు, మే నెలలో. నీ వెల్లుల్లి చేతికి ఎప్పుడొస్తుంది? జులైలో. అంటే ఆవకాయ జాడీలోకి వెళ్లే వెల్లుల్లి కిందటేటి పంటది కావాలి, పది నెలలు నిలవున్నది కావాలి. అప్పటికి రొకాంబోల్ ఇంట్లో ఉండదు. మ్యూజిక్ గడ్డలు విప్పితే లోపల పచ్చ మొలక కనిపిస్తుంది. ఆ వేళకి రాయిలా ఉండేది సాఫ్ట్‌నెక్‌లో సిల్వర్‌స్కిన్ తెగ ఒక్కటే. గడ్డ చిన్నది, రెబ్బలు పన్నెండు నుంచి ఇరవై, పొట్టు బిగుతు, ఒలవడం కష్టం. మీ వైపు రైతులు గడ్డ సైజు చూసి దాన్ని తీసిపారేస్తారు. మనకి మాత్రం ఆ చిన్న రెబ్బే సరి. ఆవకాయలో వెల్లుల్లి అలాగే వేస్తాం, మూడు నెలలు ఊరాక ఒక్కో ముద్దకి ఒక్కో రెబ్బ నోట్లోకి రావాలి. బొటనవేలంత రెబ్బ వేస్తే నడిమికి పులుపెక్కడానికే దసరా అవుతుంది. సిల్వర్‌స్కిన్‌కి మీ చలి కాస్త ఎక్కువే. మిగతావాటికంటే మందంగా గడ్డి కప్పు, తట్టుకుంటుంది. మెడ మెత్తగా ఉంటుంది కాబట్టి జడలా అల్లి వంటింటి గోడకి వేలాడదీయొచ్చు. అత్తయ్య వంటింట్లో నువ్వు చిన్నప్పుడు లాగి తెంపిన జడ అదే.

ఊరిన ఆవకాయలో వెల్లుల్లి ఒక్కోసారి నీలంగానో ఆకుపచ్చగానో మారుతుంది. కోడలు భయపడి పారేస్తుందేమో, ముందే చెప్పు. చల్లటి చోట దాచిన వెల్లుల్లికి పులుపు తగిలితే, దానిలోని గంధకపు పదార్థాలు అమైనో ఆమ్లాలతో కలిసి ఆ రంగు పుట్టిస్తాయి. విషం కాదు. ఉత్తర చైనాలో ఆ రంగు కోసమే నిలవ వెల్లుల్లిని సిర్కాలో వేసి ఊరబెడతారు.

రోలు వాడమని అత్తయ్య పోరు పెట్టడానికీ కారణం ఉంది. చెక్కుచెదరని రెబ్బలో ఘాటు ఉండదు. కణాలు చితికినప్పుడే అల్లిన్ అనే పదార్థానికి అల్లినేజ్ ఎంజైమ్ తగిలి అల్లిసిన్ తయారవుతుంది, ఆ ఘాటు అదే. వేడి తగిలితే ఎంజైమ్ పనిచేయదు. అందుకే నూనెలో నేరుగా వేసిన నిండు రెబ్బ తియ్యగా మగ్గుతుంది, దంచి పది నిమిషాలు పక్కన పెట్టి వేసినది కూరంతా పలుకుతుంది. పప్పు తాలింపుకి కచ్చాపచ్చాగా దంచు. చారుకి పొట్టుతోనే చితక్కొట్టు. ఎల్లిపాయ కారానికి మెత్తగా, ఓపిగ్గా. ఒకే రెబ్బ మూడు రకాలుగా పలికే తీరు రెండు రోజులు చేసి చూస్తే నీ నాలుకకే తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకు. వెల్లుల్లిని నూనెలో ముంచి బయట పెట్టకు. మట్టిలో ఉండే బోటులినం అనే సూక్ష్మజీవి బీజాలు రెబ్బని అంటుకునే వస్తాయి. నూనె కింద గాలి ఉండదు, వెల్లుల్లిలో పులుపు లేదు, అవి విషం తయారు చేయడానికి అంతకంటే అనువైన చోటు లేదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో 36 మంది ఇలాగే జబ్బుపడ్డారు. 1989లో మీ పొరుగున ఉన్న కింగ్‌స్టన్‌లో ముగ్గురు. ఆ తర్వాతే అమెరికాలో అమ్మే ఇలాంటి సరుకులో ఆమ్లం కలపాలన్న నిబంధన వచ్చింది. ఆవకాయకి మామిడి పులుపూ ఉప్పూ కాపలా ఉంటాయి. అల్లం వెల్లుల్లి ముద్దకి ఆ కాపలా లేదు. నూనె పోసిన ముద్దని ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడెయ్యండి, ఎక్కువ చేస్తే చిన్న బిళ్లలుగా ఫ్రీజర్‌లో వెయ్యండి. నిండు గడ్డలకి మాత్రం ఫ్రిజ్ పనికిరాదు, ఆ చలికి తొందరగా మొలకెత్తుతాయి. గాలి ఆడే చీకటి గది మేలు.

మీ మామయ్యకి, అత్తయ్యకి మొదటి ఏడు జరిగింది చెప్పాలి. పంట చేతికొచ్చిందన్న ఆనందంలో పెద్ద గడ్డలన్నీ స్నేహితులకి పంచారు, మిగిలినవి వండుకున్నారు, చివరికి గోళీకాయలంత రెబ్బలు మిగిలితే అవి నాటారు. మరుసటేడు గడ్డలు సగానికి తగ్గాయి. ఆ పైఏడు ఇంకా తగ్గాయి. నేల చెడిందనుకుని ఎరువు మీద ఎరువు పోశారు. తప్పు నేలది కాదు. లావు రెబ్బ లావు గడ్డనిస్తుంది, సన్న రెబ్బ సన్న గడ్డనిస్తుంది, అంతే లెక్క. మళ్లీ ఆ సైజు రావడానికి నాలుగేళ్లు పట్టింది. కాబట్టి జులైలో తవ్విన రోజే, వంటింటి గడప దాటకముందే, అన్నిటికంటే పెద్ద గడ్డలు తీసి వేరే సంచిలో కట్టు. మ్యూజిక్ గడ్డలో ఐదు రెబ్బలనుకుంటే పంటలో ఐదో వంతు మళ్లీ మట్టికే పోవాలి. రొకాంబోల్‌కి తొమ్మిదో వంతు చాలు. సిల్వర్‌స్కిన్‌లో పై వరుస రెబ్బలే నాటు, లోపలి సన్నవి పోపులోకి.

నాలుగడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు మడి ఒకటి చాలు. ఆరంగుళాల ఎడంతో 250 పైచిలుకు రెబ్బలు పడతాయి. వారానికి రెండు మూడు గడ్డలు వాడే ఇల్లు మీది. ఆవకాయకి, విత్తనానికి పోగా చుట్టాలకి పంచడానికి కూడా మిగులుతుంది. అక్టోబరు నడిమికి, దసరా దీపావళి మధ్య, రెండంగుళాల లోతున మొన పైకి ఉండేలా నాటు. గడ్డని ఆ రోజే విప్పు, ముందే విప్పి ఉంచితే రెబ్బ ఎండుతుంది. పైన నాలుగైదు అంగుళాల గడ్డి. మంచు కరగగానే కాస్త నత్రజని. జూన్‌లో హార్డ్‌నెక్ పూతకాడ లేచి ఒక చుట్టు తిరుగుతుంది, అప్పుడు విరిచెయ్యి. గడ్డకి బలం చేరుతుంది, నీకు కూరా దొరుకుతుంది. ఆ కాడలు లేతగా ఉంటాయి. పెసరపప్పులో వేసినా, చిక్కుడుకాయల్లా వేపినా, నువ్వులతో రోటి పచ్చడి చేసినా బాగుంటాయి. అత్తయ్యకి జూన్ అంటే ఆ పచ్చడే. కింది ఆకుల్లో మూడో వంతు ఎండగానే తవ్వు. తవ్వే ముందు రెండు వారాలు నీళ్లు ఆపెయ్యి. నీడలో, గాలి ఆడేలా మూడు వారాలు ఆరబెట్టు.

విత్తనం ఎవరి దగ్గర పడితే వాళ్ల దగ్గర కొనకు. 2010లో న్యూయార్క్ రాష్ట్రంలో వెల్లుల్లికి నులిపురుగు పట్టింది. విత్తనపు గడ్డల్లోనే దాక్కుని పొలం నుంచి పొలానికి పాకింది. అడుగు చిల్లులు పడి, వేళ్లు ఊడి, గడ్డలు కుళ్లిపోయాయి. పరీక్ష చేయించారా అని మొహమాటపడకుండా అడుగు, మంచి రైతు ఆ ప్రశ్నకి నొచ్చుకోడు. ఏ మడిలో వేశావో ఆ మడిలో మళ్లీ నాలుగేళ్ల దాకా ఉల్లి, వెల్లుల్లి వెయ్యకు.

అత్తయ్య వాకిట్లో నాలుగు కాగితం సంచులు కట్టి ఉన్నాయి, ఒక్కోదాని మీద రకం పేరు తెలుగులో రాసింది. మ్యూజిక్ ముప్పై గడ్డలు, స్పానిష్ రోహా ఎనిమిది, చెస్నోక్ నాలుగు, సిల్వర్‌స్కిన్ ఆరు. అక్టోబరు రెండో శనివారం కోడల్ని తీసుకుని రా. వచ్చేటప్పుడు కిందటేడు పట్టుకెళ్లిన ఆవకాయ జాడీ కడిగి ఆరబెట్టి తీసుకురా. మేలో దానితో పని ఉంది.

ఇట్లు,
ఆశీస్సులతో
మీ అత్తయ్య