తొలి బుల్లెట్ రైలు: జపాన్ ‘0’ శ్రేణి

పరీక్షల్లో బుల్లెట్ రైలు అనగానే ఒక తేదీ గుర్తుండాలి: 1964 అక్టోబరు 1. టోక్యో ఒలింపిక్స్‌కు కొద్ది రోజుల ముందు, టోక్యో–షిన్ ఒసాకా మధ్య టొకైడో షింకన్‌సెన్ మార్గం మొదలైంది. దానిపై నడిచినవే ‘0’ శ్రేణి రైళ్లు. గరిష్ఠ వేగం గంటకు 210 కిలోమీటర్లు. మొదట 4 గంటలు పట్టిన ప్రయాణం 1965లో 3 గంటల 10 నిమిషాలకు తగ్గింది.

అసలు గొప్పతనం వేగంలో కన్నా అమరికలో ఉంది. ముందు ఇంజిన్ పెట్టి బోగీలను లాగించకుండా, ప్రతి ఇరుసుకూ విద్యుత్ మోటారు అమర్చారు. దాంతో బరువు రైలంతా సమానంగా పంపిణీ అయి, పట్టాలపై ఒత్తిడి తగ్గింది. జపాన్ పాత మార్గాల గేజ్ 1,067 మిల్లీమీటర్లు; బుల్లెట్ రైలు కోసం 1,435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజ్‌తో కొత్త మార్గమే వేశారు. విద్యుత్ సరఫరా 25 కిలోవోల్టుల ఏసీ.

ఇంజినీరు హిదేవో షిమా, జపాన్ జాతీయ రైల్వే అధ్యక్షుడు షింజి సోగో ఈ షింకన్‌సెన్ రూపకర్తలు. ఖర్చు అంచనాలు దాటడంతో 1963లోనే ఇద్దరూ పదవులు వదులుకున్నారు. ఈ పేర్లు తప్పక చదవండి. వారికి దక్కాల్సిన గౌరవం అది. ముక్కు ఆకృతిని తీర్చిన తదనావో మికి అంతకుముందు యుద్ధవిమానాల రూపశిల్పి.

1986 వరకు తయారైన ఈ రైళ్లు 2008లో సేవల నుంచి వైదొలిగాయి. ఒక బోగీ బ్రిటన్‌లోని యార్క్ జాతీయ రైల్వే మ్యూజియంలో ఉంది. మన ముంబయి–అహ్మదాబాద్ బుల్లెట్ రైలు మార్గానికి (508 కి.మీ.) ఆధారం షింకన్‌సెన్ సాంకేతికతే.