కణద్వారమున వార్తాహరుడు

గత వర్షాకాలమున తొమ్మిదవ తరగతిలో పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, “సార్, పాము కనబడంగనే గుండె దడదడ కొట్టుకుంటది గదా! గుండెకు కండ్లు లేవు, దానికి ఎవరు చెప్పిరి?” అని యడిగెను. మంచి ప్రశ్న. దీని సమాధానము తల్లిదండ్రులకు గూడ అక్కరకు వచ్చునదే కావున ఇచట వ్రాయుచున్నాను.

భయము కలిగినపుడు మూత్రపిండముల పైనున్న గ్రంథులనుండి ఆడ్రినలీను అను ద్రవ్యము రక్తమున కలియును. అది గుండెను చేరును గాని గుండెకణము లోపలికి పోదు. కణపు పొరయందు గ్రాహకమను ప్రోటీను గలదు. అది ఆ పొరను ఏడుమార్లు దారముతో కుట్టినట్లు దాటియుండును. ఆడ్రినలీను వెలుపలినుండి తాకగానే గ్రాహకపు ఆకారము మారును. లోపలనున్న జీ-ప్రోటీను మేలుకొనును. మీరు బడి వాకిట కావలివానికి చీటీ యిచ్చినచో బంట్రోతు దానిని తరగతికి చేర్చును గదా! జీ-ప్రోటీను అట్టి బంట్రోతు.

అది తనవద్దనున్న జీ.డి.పి.ని విడిచి జీ.టి.పి.ని పట్టుకొని, ఒక ఎంజైమును ప్రేరేపించును. ఆ ఎంజైము ఏ.టి.పి.ని సైక్లిక్ ఏ.ఎం.పి.గా మార్చును. దానిచే గుండె వేగము హెచ్చును. ఆ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డున ఫిస్కేతో కూడి వేరుచేసినవారు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే యేట జర్మనీలో లోమన్ గూడ కనుగొనెను. జీ-ప్రోటీనులను కనుగొన్న గిల్మన్, రాడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ బహుమానము లభించెను. ఉగాది పచ్చడిలోని వేపపూత చేదు, బెల్లపు తీపి మనకు తెలియుటయు ఇట్టి గ్రాహకముల వలననే. ఉప్పు, పులుపుల దారి వేరు.

ఆజ్ఞను అందించుట యెంత ముఖ్యమో ఆపుటయు అంత ముఖ్యము. జీ-ప్రోటీను కొంతసేపటికి తన జీ.టి.పి.ని తానే ఖండించుకొని విశ్రమించును. కలరాలో చెడునది ఇదియే. కలరా సూక్ష్మజీవి విడుచు విషమును 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించెను. ఆ విషము ప్రేవుల కణములలోని జీ-ప్రోటీనును విశ్రమింపనీయదు. సైక్లిక్ ఏ.ఎం.పి. పేరుకొనిపోవును, లవణములు, వాటి వెంట నీరు, ప్రేవులోనికి ధారగా కారిపోవును. కొద్ది గంటలలోనే బిడ్డ వాడిపోవచ్చును.

మన గోండ్‌పిప్రి ప్రాంతపు ఇండ్లలో, నీళ్ళు త్రాగించినచో విరేచనములు హెచ్చునని బిడ్డకు నీరు మాన్పించువారిని నేనెరుగుదును. అది ప్రమాదకరము. అదే కణమున మరియొక ద్వారము గలదు. దానిగుండా ఉప్పులోని సోడియము, చక్కెరలోని గ్లూకోజు జతగా లోనికి పోవును, నీరు వాటిననుసరించును. కలరా విషము ఈ ద్వారమును మూయజాలదు. 1971లో బంగాళమునందలి బన్‌గావ్ శరణార్థి శిబిరమున డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటినే త్రాగించగా, నూటికి 30 వరకు నుండిన మరణములు 4 లోపునకు దిగెను.

ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరికిన అదియే మేలు. దొరకనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన 6 చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు కలుపవలెను. కొలత మించరాదు, ఎక్కువైన ఉప్పు గాని చక్కెర గాని కీడుచేయును. చెంచాతో కొంచెము కొంచెముగా పట్టవలెను. వాంతియైనచో పది నిముషములాగి మరల పట్టవలెను. తల్లిపాలు మాన్పరాదు. కన్నులు లోతుకుపోయినను, బిడ్డ మగతగానున్నను, మూత్రము రాకున్నను వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. స్పృహయుండి మ్రింగగలిగినంతవరకు దారిలో గూడ ఆ నీటిని పట్టుచునే యుండవలెను.