నీటికి సరిహద్దు లేదు
(చిత్తడి నేలల రక్షణలో ప్రాంతాల సహకారం)



మన హాస్టల్‌లో ఉదయం స్నానాల వేళను ఒకసారి గుర్తు చేసుకోండి. ట్యాంకు ఒకటే, కుళాయిలు అనేకం. ముందు వెళ్లినవాడు కుళాయి కట్టకుండా వస్తే చివర వెళ్లినవాడికి ముఖం కడుక్కోవడానికి కూడా నీళ్లుండవు. "నా బకెట్ వరకు నేను జాగ్రత్తగానే ఉన్నాను" అంటే లాభం లేదు. అందరూ ఒక మాట మీద ఉంటేనే అందరికీ నీళ్లు. చెరువులు, సరస్సులు, మడ అడవుల సంగతి కూడా అచ్చంగా ఇంతే.

చిత్తడి నేలలు అంటే ఏమిటి?

ఏడాది పొడవునా గాని, కొన్ని నెలలపాటు గాని నీరు నిలిచి ఉండే ప్రదేశాలను చిత్తడి నేలలు అంటారు. చెరువులు, సరస్సులు, ఉప్పునీటి కయ్యలు, మడ అడవులు ఈ కోవలోకి వస్తాయి. ఆటు సమయంలో ఆరు మీటర్ల లోతు మించని సముద్రతీరం కూడా ఇందులో భాగమే. ఇవి వరద నీటిని తమలో ఇముడ్చుకుంటాయి, భూగర్భ జలాన్ని పెంచుతాయి, మురికిని కొంతవరకు వడకడతాయి, చేపలకు, పక్షులకు, పేదల బతుకులకు ఆధారమవుతాయి.

వీటి రక్షణకు 1971 ఫిబ్రవరి 2న ఇరాన్ దేశంలోని రామ్సార్ పట్టణంలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1982లో ఇందులో చేరింది. ఒకటి కంటే ఎక్కువ దేశాల్లో విస్తరించిన చిత్తడి నేల విషయంలో ఆ దేశాలు పరస్పరం సంప్రదించుకోవాలని ఈ ఒప్పందంలోని 5వ అధికరణ చెబుతుంది. ఎందుకు సంప్రదించుకోవాలో మూడు ఉదాహరణలతో తెలుసుకుందాం.

1. కొల్లేరు: ఎగువ ఊరు, దిగువ ఊరు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు, ఎన్నో మురుగు కాలువలు ఇందులో కలుస్తాయి. నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి చేరుతుంది. ఎగువ పొలాల పురుగుమందులు, పట్టణాల మురుగు అన్నీ కొల్లేరుకే వస్తాయి. కాబట్టి సరస్సు ఒడ్డున ఉన్నవారు మాత్రమే జాగ్రత్త పడితే సరిపోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక కాలనీలు మునిగిపోయాయి. ఏరు దారిని ఒకచోట ఆక్రమిస్తే ముంపు మరొకచోట వస్తుందని అందరికీ తెలిసివచ్చింది.

1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్సార్ జాబితాలో చేరింది. 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో అక్రమ చేపల చెరువుల గట్లను తొలగించారు. ఇక్కడ మనం ఆలోచించవలసిన విషయం ఒకటుంది. 1970వ దశకంలో ప్రభుత్వమే పేద మత్స్యకార, దళిత కుటుంబాల సొసైటీలకు అక్కడ చెరువులు ఇచ్చింది. తరువాత వాటిలో చాలా భాగం డబ్బున్నవారి చేతుల్లోకి పోయింది. గట్లు కొట్టేసినప్పుడు పెద్దల చెరువులతో పాటు సొసైటీల చెరువులూ పోయాయి. డబ్బున్నవారికి వేరే వ్యాపారాలుంటాయి. మన అమ్మానాన్నల వంటి వారికి ఆ నీరే ఆధారం. సరస్సును కాపాడటం తప్పనిసరి. అయితే దానిమీద బతికేవారికి మరో దారి చూపకుండా కాపాడబోతే ఆక్రమణలు తిరిగి మొదలవుతాయి.

2. పులికాట్: రెండు రాష్ట్రాల సరస్సు

మన దేశంలోని ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత పెద్దది పులికాట్. ఇందులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, మిగిలినది తమిళనాడులో ఉంది. దీనిలో కలిసే ఆరణియార్ నది చిత్తూరు ప్రాంతపు కొండల్లో పుట్టి తమిళనాడులోకి ప్రవహిస్తుంది. సముద్రపు నీరు వచ్చిపోయే ముఖద్వారాలలో ముఖ్యమైనది తమిళనాడు వైపు పళవేర్కాడు వద్ద ఉంది. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే వేసవిలో సరస్సు ఎండుతుంది, ఉప్పదనం పెరుగుతుంది, చేపలు, రొయ్యలు తగ్గుతాయి. చేపలు తగ్గితే వల ఎక్కడ వెయ్యాలన్న దానిమీద రెండు వైపుల మత్స్యకారుల మధ్య తగాదాలు వస్తాయి. ఇద్దరూ పేదవారే, ఇద్దరి కష్టమూ ఒక్కటే. చలికాలంలో ఇక్కడికి వచ్చే ఫ్లెమింగో పక్షులకు ఏ రాష్ట్రమో తెలియదు, నీరుంటే దిగుతాయి, లేకపోతే వెళ్లిపోతాయి.

3. వాడెన్ సముద్రం: మూడు దేశాల ఉమ్మడి ఇల్లు

ఐరోపాలో నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ దేశాల తీరాన వాడెన్ సముద్రం ఉంది. ఆటు వచ్చినప్పుడు అక్కడ మైళ్లకొద్దీ బురదనేల బయటపడుతుంది. ఏటా కోటికి పైగా వలస పక్షులు అక్కడ ఆగి మేత మేస్తాయి. ఈ మూడు దేశాలు 1978లో మొదటిసారి ఇందుకోసం సమావేశమయ్యాయి. 1982లో ఉమ్మడి ప్రకటన చేశాయి. 1987లో జర్మనీలోని విల్‌హెల్మ్స్‌హావెన్‌లో ఉమ్మడి కార్యాలయం పెట్టుకున్నాయి.

1988లో ఒక వైరస్ వ్యాధి సోకి అక్కడ సీల్ అనే సముద్ర జంతువులు వేల సంఖ్యలో చనిపోయాయి. రోగానికి సరిహద్దు లేదు కదా! మూడు దేశాలు 1990లో సీళ్ల రక్షణకు ఒప్పందం చేసుకున్నాయి. మూడు చోట్లా ఒకే పద్ధతిలో విమానాల నుంచి లెక్కపెట్టసాగాయి. 2002లో అదే జబ్బు మళ్లీ వచ్చినా సీళ్ల సంఖ్య తిరిగి కోలుకుంది. 2009లో వాడెన్ సముద్రం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2014లో డెన్మార్క్ భాగం కూడా అందులో కలిసింది.

మనం గ్రహించవలసినది

ఈ మూడింటిలో సూత్రం ఒక్కటే. నీటిని పంచుకునే వారందరూ ఒకచోట కూర్చోవాలి. లెక్కలు ఒకే పద్ధతిలో తీయాలి. కూర్చున్నవారిలో అధికారులే కాక, వల వేసేవారు, ఒడ్డున బతికేవారు కూడా ఉండాలి. ఉత్తర ధ్రువ ప్రాంతం నుండి హిందూ మహాసముద్రం వరకు సాగే మధ్య ఆసియా పక్షుల వలస మార్గంలో మనతో కలిపి 30 దేశాలున్నాయి. ఈ మార్గం రక్షణకు 2024 ఫిబ్రవరిలో ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్‌లో జరిగిన సదస్సు ఒక ఉమ్మడి కార్యక్రమాన్ని ఆమోదించింది. మన ఊరి చెరువు పూడితే ఎక్కడి నుంచో వచ్చిన పక్షికి మేత ఉండదన్నమాట.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి చెరువుకు నీరు ఎక్కడి నుంచి వస్తుందో, అలుగు పారితే ఎక్కడికి పోతుందో పెద్దవారిని అడిగి రాసుకోండి. పై ఊరిలో ఉన్న మిత్రుడి దగ్గరా, కింది ఊరిలో ఉన్న మిత్రుడి దగ్గరా అదే అడగండి. మూడు కాగితాలు పక్కపక్కన పెడితే ఒక పటం తయారవుతుంది. సహకారం అక్కడి నుంచే మొదలవుతుంది. ఈలోగా, స్నానం అయ్యాక కుళాయి కట్టడం మరచిపోకండి!

గుర్తుంచుకోండి:
- ప్రపంచ చిత్తడి నేలల దినం: ఫిబ్రవరి 2
- రామ్సార్ ఒప్పందం: 1971, భారత్ చేరిక: 1982
- కొల్లేరు రామ్సార్ జాబితాలో చేరిన సంవత్సరం: 2002
- వాడెన్ సముద్రం ఉమ్మడి కార్యాలయం: 1987