బ్యాంకు కొలువుకు, కన్సల్టింగ్‌కు ఏ విశ్వవిద్యాలయం?

ప్రశ్న: కోవిల్‌పట్టిలో ప్లస్ టూ కామర్స్ చదువుతున్న, ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థి ఒకరు, బ్యాంకింగ్‌లో గానీ కన్సల్టింగ్‌లో గానీ స్థిరపడాలంటే అప్పు చేసైనా చెన్నైలోని ఖరీదైన ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరాలా, ఊళ్లోని కళాశాల చాలదా అని అడిగారు.

జవాబు: ఈ సందిగ్ధానికి మూలం రెండు వేర్వేరు దారులను ఒకటిగా భావించడంలో ఉంది. ప్రభుత్వరంగ బ్యాంకుల్లో ప్రొబేషనరీ ఆఫీసర్, అంటే శిక్షణ దశలోని అధికారి, పదవికి బ్యాంకు సిబ్బందిని ఎంపిక చేసే సంస్థ ఐబీపీఎస్ జరిపే పోటీపరీక్ష రాయడానికి గుర్తింపు పొందిన ఏ విశ్వవిద్యాలయపు డిగ్రీ అయినా సరిపోతుంది కనుక, తిరునల్వేలిలోని మనోన్మణీయం సుందరనార్ విశ్వవిద్యాలయానికి అనుబంధమైన కోవిల్‌పట్టి జి. వెంకటస్వామి నాయుడు కళాశాలలో బి.కాం. చదివినవారికీ, చెన్నైలో లక్షలు పోసి చదివినవారికీ అక్కడ అర్హతలో తేడా ఉండదు. క్లర్కు పోస్టులకు మాత్రం దరఖాస్తు చేసే రాష్ట్రపు అధికార భాషను చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఇంటి తెలుగు ఎంత ధారాళమైనా, తెలుగు అక్షరాలు రానివారు ఆంధ్రప్రదేశ్ ఖాళీలపై ఆశ పెట్టుకోరాదు, బడిలో తమిళం చదివినవారికి తమిళనాడే అనువు.

కన్సల్టింగ్, అంటే సంస్థల సమస్యలకు రుసుము తీసుకొని పరిష్కారం సూచించే వృత్తి, సంగతి వేరు. పెద్ద సంస్థలు కొద్ది ప్రాంగణాలకే వచ్చి నియామకాలు జరుపుతాయి గనుక అక్కడ విద్యాసంస్థ పేరుకు నిజంగానే విలువ ఉంది. అయితే ఆ పేరును డిగ్రీ దశలోనే కొనుక్కోనక్కరలేదు, ఊళ్లో మంచి మార్కులతో డిగ్రీ ముగించి, మేనేజ్‌మెంట్ పీజీ ప్రవేశానికి జరిపే క్యాట్ పరీక్ష రాసి, 2011లో మొదలైన తిరుచిరాపల్లి ఐఐఎం వంటి చోట చేరవచ్చు. కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో వేసే అత్యధిక జీతం ఏ ఒక్కరికో వచ్చినది. అడగవలసింది మధ్యస్థ జీతం, అంటే సగంమందికి అంతకు మించి వచ్చిన మొత్తం.

అప్పు తప్పదనుకున్నప్పుడు, సంతకం చేయకముందే తల్లిదండ్రులతో కలిసి బ్యాంకు శాఖకు వెళ్లి నెలవారీ వాయిదా లెక్క కట్టించుకోవాలి, కళాశాల ప్లేస్‌మెంట్ అధికారిని నేరుగా కలవాలి.