పనిముట్ల కాపుదల: రైతులకొక పాఠము



విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు, ధరలను గూర్చియు మన సంఘ సమావేశములందు తరచుగా చర్చలు జరుగుచుండును. కాని ఆ విత్తనమును భూమిలో వేయుటకును, ఆ పైరునకు నీరు పెట్టుటకును ఆధారమగు పనిముట్ల కాపుదలను గూర్చి మనము మాటలాడుకొనుట అరుదు. ఎవరిదైన మోటారు పోయిననాడు ఊరంతయు కూడి విచారించుదుము. నాలుగు దినములు గడచిన పిమ్మట మరచిపోవుదుము. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లుండు ఈ అలవాటును మాని, ముందుగా చేయదగిన పనులేవియో ఈ పాఠమున తెలిసికొందము.

1. నష్టము యొక్క స్వరూపము

ఒక ఉదాహరణమును తీసికొందము. ఒక రైతు రెండెకరములు వరి వేసినాడు. పైరు పొట్టమీద నున్నది. ఒక యుదయమున చేనికి పోయి చూడగా బావి గట్టున మోటారు లేదు. కేబులు కోసివేయబడి యున్నది. దొంగకు దీనివలన దక్కునది అందలి రాగితీగ విలువ మాత్రమే. రైతునకో, క్రొత్త మోటారు వెల, కేబులు వెల, బిగింపు కూలి. వీని కన్నిటికిని మించి, ఆ యేర్పాటులు పూర్తియగువరకు పైరునకు నీరు లేకుండుట. పొట్టదశయందును, వెన్ను తీయు సమయమునందును నీటి యెద్దడి కలిగినచో గింజ నిండక తాలు అధికమగును. పోయిన మోటారును అప్పు చేసియైనను మరల కొనవచ్చును గాని, పోయిన అదనును కొనజాలము.

కథ ఇంతటితో ముగియలేదు. కొన్ని వారములకు పోలీసులు పాత ఇనుప సామానుల అంగడిలో కొన్ని మోటారులను పట్టుకొన్నారు. మన రైతు పోయి ఒక దానిని చూపి, "ఇది నాది" యనినాడు. పొరుగూరి రైతొకడును దానినే చూపి, "కాదు, నాది" యనినాడు. ఇద్దరి మోటారులును ఒకే కంపెనీవి, ఒకే రంగువి. అంకెలు గల రేకును దొంగ ఊడదీసినాడు. కొనిన బిల్లు ఇద్దరివద్దను లేదు. వస్తువు కంటి యెదుట నుండియు, అది ఎవరిదో నిర్ణయించుటకు నిదర్శనము లేకపోయెను.

ఈ పాఠమున ముఖ్యముగా గ్రహింపవలసిన విషయ మిదియే. తాళము దొంగను కొంతసేపు ఆపును; అంతకు మించి చేయజాలదు. పోయిన వస్తువును మరల యజమాని చేతికి చేర్చునవి వస్తువుమీది గుర్తు, పుస్తకములోని వ్రాత. మనలో పెక్కుమంది తాళమునకు చేసిన వ్యయములో పదియవ వంతైనను ఈ రెండింటికి చేయరు.

2. ఎప్పుడు, ఏవి పోవును?

మన పెద్దలు ప్రొద్దుగ్రుంకినప్పుడు నాగలిని చేనిలో విడిచినను కర్రును విప్పి ఇంటికి దెచ్చుకొనుచుండిరి. మోట విప్పినపిమ్మట తోలుబానను, తాళ్లను బండిపై వేసికొని వచ్చుచుండిరి. విలువగలదియు, విప్పుటకు వీలయినదియు చేనిలో నుండరాదనుట వారి నియమము. నేటి మోటారు, స్టార్టరు, కేబులు దినదినము ఇంటికి తెచ్చుకొనదగినవి కావు. కావున వానికి వేరు ఉపాయములు కావలెను.

రాగియు, ఇత్తడియు గల ప్రతి వస్తువును దొంగ కోరును. మోటారు చుట్టుతీగ, బోరు కేబులు, స్టార్టరు, ఫుట్‌వాల్వు, తుంపర సేద్యపు ఇత్తడి ముక్కులు ఇట్టివి. సులభముగా మోసికొనిపోదగిన మందుకొట్టు యంత్రములు, టార్పాలిను పట్టాలు, గడ్డపారలు, పారలు రెండవ తెగవి. కోతలు ముగిసి చేలు నిర్మానుష్యముగా నుండు వేసవి, ఊరంతయు జాతరకు పోయిన రాత్రి, విద్యుత్తు రాని వేళ - ఇవి దొంగకు అనుకూల సమయములు. విద్యుత్తు లేని వేళనే కేబులును నిర్భయముగా కోయగలుగును గదా! కావున గస్తీ తిరుగువారు విద్యుత్తు నిలుపు వేళలనే ముఖ్యముగా గమనింపవలెను.

3. గుర్తు వేయు విధము

ప్రతి పనిముట్టునకును రెండు గుర్తులుండవలెను. ఒకటి అందరికి కనబడునది. అది కొనువానిని, అమ్మువానిని హెచ్చరించును. రెండవది యజమానికిని, సంఘ కార్యదర్శికిని మాత్రమే తెలిసిన మరుగు చోట నుండునది; మొదటిదానిని ఆకురాయితో అరగదీసినను ఇది మిగిలి సాక్ష్యమిచ్చును.

గుర్తులో పేరు వ్రాయుటకంటె ఊరికి రెండక్షరములు, సంఘ సభ్యత్వపు సంఖ్య వేయుట మేలు. ఒకే పేరుగలవారు ఊరిలో నలుగురుందురు. ఒకే సభ్యత్వ సంఖ్య గలవారు ఇద్దరుండరు.

కొయ్య పిడులకును, కాడికిని కాల్చిన ఇనుముతో ముద్ర వేయవచ్చును. పార, గడ్డపార, గొర్రు మొదలగువానికి ఉక్కు అంకెల అచ్చులతో సుత్తిదెబ్బ చాలును. గట్టుమీది మోటారునకు దాని పాదముల దళసరి భాగమున అచ్చు వేయవలెను. పలుచని భాగమున కొట్టినచో పోతయినుము పగులును. బోరులో దించు మోటారు కవచము పలుచనిది గాన దానిపై సుత్తి తగులనీయరాదు. చెక్కుడు యంత్రముతో మెల్లగా గీయింపవలెను. మరమ్మతునకై పైకి తీసిన దినమే ఈ పనికి తగిన దినము. కేబులునకు పై తొడుగుపై గజమునకొక చోట చెరగని సిరాతో సంఖ్య వ్రాయుట మంచిది. కాని దొంగ తొడుగును కాల్చివేసి రాగిని మాత్రమే అమ్మును గాన, కేబులు విషయమున గుర్తుకంటె మరుగే మేలైన రక్షణము.

4. పట్టిక

గుర్తు వేసిన వస్తువును పుస్తకమున కెక్కించనిచో పని సగమే జరిగినట్లు. ప్రతి యింట ఒక చిన్న పుస్తకమును, సంఘ కార్యాలయమున దానికి ప్రతియు నుండవలెను. వస్తువు పేరు, కంపెనీ, అశ్వశక్తి, రేకుమీది సంఖ్య, మన గుర్తు, మరుగు గుర్తున్న చోటు, కొనిన తేది, వెల - ఇవి వ్రాసిన చాలును. బిల్లును చెదలు తినకుండ సంఘమునందొక నకలు ఉంచవలెను. నేడు ప్రతియింట చరవాణి యున్నది. రేకును, గుర్తును స్పష్టముగా కనబడునట్లు ఛాయాచిత్రము తీసి దాచుకొనుటకు వ్యయమేమియు లేదు. పాత మోటారును కొనునప్పుడు అమ్మినవాని సంతకముతో రసీదు తీసికొనుట మరువరాదు.

మన కొక మంచి ఆచారము గలదు. విజయదశమి వేళ ఆయుధపూజకై పనిముట్లన్నిటిని కడిగి, ఒక చోట చేర్చి, పసుపు కుంకుమలు పెట్టుదుము. లెక్క చూచుటకును, గుర్తులు సరిచూచుటకును ఇంతకంటె మంచి దినమేది? అట్లే జ్యేష్ఠ పూర్ణిమనాటి ఏరువాకకు ముందు రెండవమారు చూచినచో, ఏడాదికి రెండు పర్యాయములు లెక్క సరిపడును.

ఎరువిచ్చిన వస్తువులకు వేరొక పుట యుండవలెను. పోయినదనుకొన్న గడ్డపార పొరుగువాని పశువుల కొట్టములో దొరకుట మనమెరుగనిది కాదు. వ్రాత యున్నచో ఎవరిపైనను నింద మోపనక్కరలేదు.

5. బిగింపు, మరుగు

మోటారు గది తలుపు బందులు లోపలి వైపున నుండవలెను. పునాది బోల్టులు నాలుగింటిలో ఒక్క దాని నట్టును మాత్రము వెల్డింగు చేయించినచో దొంగకు ఆలస్యమగును. నాలుగింటిని చేయించినచో మరమ్మతునాడు మనకే చిక్కు. కేబులును నేలపై వ్రేలాడనీయక, గొట్టములో నుంచి రెండడుగుల లోతున పూడ్చుట మంచిది. బోరు మూతిని ఇనుప మూతతో కప్పి బోల్టులతో బిగింపవలెను. ఇది పసిబిడ్డలకును రక్ష.

ఎర్తింగునకు రాగిపలకకు బదులు గాల్వనైజు చేసిన ఇనుప గొట్టమును వాడినచో దొంగకు ఆశ యుండదు. ఇచట నొక హెచ్చరిక. దొంగతనము జరిగిన చోట ఎర్తు తీగ కూడ పోయి యుండవచ్చును. అట్టి స్థితిలో తొందరపడి విద్యుత్తు నిచ్చినచో, లోపమున్న మోటారు దేహమంతయు విద్యుత్తు పారి, తాకినవాని ప్రాణము తీయును. తెలిసినవాడు వచ్చి ఎర్తింగు చూచువరకు స్టార్టరు నొక్కరాదు.

6. చేయరాని పనులు

మొదటిది: దొంగను పట్టుటకై గది తలుపునకో, కంచెకో విద్యుత్తు నిచ్చుట. చీకటిలో ఆ తీగను తాకువాడు దొంగయే యగునని నమ్మక మేమి? నీరు కట్టుటకు వచ్చిన పొరుగువాడు కావచ్చును, తప్పిపోయిన యెద్దు కావచ్చును, మన బిడ్డయే కావచ్చును. మోటారునకు వెల గలదు, ప్రాణమునకు లేదు. ఇట్లు ప్రాణహాని కలిగినచో చట్టము రైతునే నేరస్థునిగా చూచును.

రెండవది: పట్టుబడినవానిని కట్టివేసి కొట్టుట. దొంగతనము చేయుచుండగా పట్టుకొను అధికారము కొన్ని సందర్భములలో పౌరునకు గలదు. శిక్షించు అధికారము లేదు. వెంటనే, ఎట్లైనను 6 గంటలలోపల, పోలీసుల కప్పగింపవలెను.

మూడవది: నిదర్శనము లేక అనుమానించుట. "ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడు" అను సామెతను తలచుకొని, వస్తువు కనబడని మరుక్షణమే పాలేరును, కూలివానిని, ఊరిబయట గుడిసె వేసికొన్నవానిని నిందించుట మనలో గలదు. ఇట్టి అనుమానమునే ఒకప్పుడు ప్రభుత్వము చట్టముగా చేసినది. 1871 నాటి నేరస్థజాతుల చట్టము కొన్ని తెగలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా నెంచినది. 1911 నాటి చట్టముతో అది మదరాసు రాజధానికిని వ్యాపించినది. తెలుగుసీమలో ఎరుకలవారు మొదలగు పెక్కుమంది దానివలన తరతరములు బాధపడిరి. 1952 లో ఆ చట్టము దేశమంతట రద్దయినది గాని, ఆ యనుమానము మన మనస్సులనుండి ఇంకను పూర్తిగా రద్దు కాలేదు. మోటారు పోయినచో ఒక పంట నష్టము. నిర్దోషిని దొంగ యనినచో వాని బ్రతుకే నష్టము. మరుసటి సంవత్సరము మన చేనికి వచ్చు చేతులును తగ్గును.

7. పోయిన వెంటనే చేయవలసినది

అచటి వస్తువులను తాకక, ఛాయాచిత్రములు తీసి, 112 సంఖ్యకు గాని పోలీసు స్టేషనుకు గాని తెలుపవలెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173 వ సెక్షను ప్రకారము, నేరము ఏ స్టేషను పరిధిలో జరిగినను సమాచార మీయవచ్చును. ఎలక్ట్రానిక్ పద్ధతిలో తెలిపినచో 3 దినములలో సంతకము చేయవలెను. నమోదైన సమాచారపు నకలును ఉచితముగా పొందు హక్కు ఫిర్యాదు చేసినవానికి గలదు. నమోదు చేయ నిరాకరించినచో వ్రాతపూర్వకముగా పోలీసు సూపరింటెండెంటునకు టపాలో పంపవచ్చును. ఫిర్యాదులో "ఒక మోటారు" అని వ్రాయక, పట్టికలోని వివరము లన్నియు వ్రాయవలెను.

భారతీయ న్యాయ సంహిత 303 వ సెక్షను క్రింద దొంగతనమునకు 3 సంవత్సరముల వరకు ఖైదు గలదు. సామానులు భద్రపరచు కట్టడమునుండి దొంగిలించినచో 305 వ సెక్షను క్రింద 7 సంవత్సరముల వరకు శిక్ష. దొంగసొత్తని తెలిసియో, అట్లు తెలియదగిన కారణముండియో కొనువాడును 317 వ సెక్షను క్రింద శిక్షార్హుడు. చౌకగా వచ్చినదని రసీదు లేని మోటారును కొను రైతు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. అట్టి కొనుగోలే మరియొక రైతు మోటారు పోవుటకు ప్రోత్సాహము.

ట్రాన్స్‌ఫార్మరు పోయినచో దానిని సమీపింపరాదు. 11,000 వోల్టుల తీగ దానికి వచ్చి యుండును. 1912 సంఖ్యకును, లైన్‌మనుకును తెలిపి, దూరముననే కాపలా యుండవలెను. విద్యుత్ తీగలు, సామగ్రి దొంగిలించుట 2003 నాటి విద్యుత్ చట్టము 136 వ సెక్షను క్రింద ప్రత్యేక నేరము.

8. సంఘము చేయదగినది

ఒక్కొక్క రైతు ఉక్కు అచ్చులను, చెక్కుడు యంత్రమును కొననక్కరలేదు. సంఘము ఒక జత కొనిన ఊరికంతటికి చాలును. పట్టిక నకళ్లను కార్యదర్శి భద్రపరుపవలెను. ఒకే గట్టున బావులున్న రైతులు పదిమంది ఒక జట్టుగా నేర్పడి, వంతులవారీగా రాత్రి చూచుకొనవచ్చును. ఒంటరిగా కాక ఇద్దరిద్దరుగా పోవలెను. పంపుసెట్లకు దొంగతనమువలని నష్టమును కూడ చేర్చిన భీమా పాలసీలు గలవు. వాని షరతులను చదివించుకొని సభ్యులందరును కలిసి చేరుటను గూర్చి ఆలోచింపవచ్చును.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

(1) మీ మోటారు నేడు పది మోటారుల నడుమ నున్నచో, అది మీదేయని ఏ విధముగా నిరూపింతురు?
(2) దాని రేకుమీది సంఖ్యను మీరెచటనైన వ్రాసి యుంచితిరా?
(3) మీ గట్టున విద్యుత్తు నిలుపు వేళలేవి? ఆ వేళ అచట నెవరుందురు?
(4) కడచిన ఏడాదిలో మీరు ఎరువిచ్చిన పనిముట్లేవి? అన్నియు తిరిగి వచ్చినవా?

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పజాలనివారు ఇల్లు చేరగానే మొట్టమొదట చేయవలసిన పని యొక్కటే: రేపటి యుదయమున చేనికి పోవునప్పుడు ఒక కాగితమును, కలమును వెంట తీసికొనిపోయి, ఆ రేకుమీది అంకెలను వ్రాసికొని రావలెను.